ఎడమకు లాగే రథం

దుర్జయ మహారాజు రథం ఎడమకు లాగుతోంది. ఇరుసు అరిగిందని చెప్పిన వడ్రంగిని "రాజుగారి వస్తువు అరగడమా!" అంటూ చెరలో వేయించాడు. తరవాత ఆ వడ్రంగి బావమరిది సోమాచారిని పిలిపించాడు.

"అరగలేదు ప్రభూ. మా ఇల్లు ఎడమవైపే కదా, చుట్టంచూపుగా రావాలని దాని ఆశ."

రాజు పొంగిపోయి రథాన్ని ఆచారి ఇంటికి పంపాడు. మర్నాడు తనే వెళ్లి ఎక్కితే రథం తిన్నగా నడిచింది. అంతలో పెరట్లో పాత ఇరుసు కనబడింది. రాజు కత్తి దూశాడు.

"ఇదేమిట్రా?"

"విడిచిన బట్టలు ప్రభూ. ఇంటికొచ్చిన చుట్టానికి కొత్తవి పెట్టకుండా పంపుతామా?"

రాజు కత్తి దించాడు. అటూ ఇటూ చూసి, మోకాళ్లు తడుముకుంటూ గుసగుసలాడాడు.

"ఇవి కూడా మీ ఇంటివైపే లాగుతున్నాయి ఆచారీ."

"మోకాళ్లకు మర్యాదలు మా బావే చెయ్యాలి ప్రభూ. ముందు ఆయన్ని వదలండి."