చిక్కటి సెహ్రా

ఇలియాస్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. లోకంలో ఎవరి మీదా తనకు కోపం లేదని నలుగురిలోనూ చెప్పుకున్నాడు. ఇప్పుడేమో తమ్ముడి పెళ్లి వచ్చిపడింది.

కొండ కింది దర్గాలో అతను హజ్రత్ నూరుల్లా షా గారి శిష్యుడు. సమాధి మీద కప్పే పూలచాదర్ అల్లేది అతనే. వైరాగ్యంలో తనను మించినవాడు లేడన్నట్టు నడిచేవాడు. ఆ నడకను హజ్రత్ చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే వాళ్లమ్మ దర్గాకు వచ్చింది.

"మీ నాన్న లేడు. జిలానీకి సెహ్రా పెద్దోడివి నువ్వే కట్టాలి," అంది.

సెహ్రా అంటే పెళ్లికొడుకు తలపాగాకు కట్టే పూలతెర. నుదుటి నుంచి ఛాతీదాకా దండలు జారి ముఖాన్ని కప్పేస్తాయి. తండ్రి లేకపోతే అన్న కట్టడం వాళ్లింటి ఆనవాయితీ.

"అల్లి పంపిస్తానమ్మీ. కట్టడానికి ఇంకెవరినైనా చూసుకోండి."

ఆమె హజ్రత్‌కు సలాం చెప్పి వెళ్లిపోయింది.

"తమ్ముడి ముఖం చూడనని ఒట్టేసుకున్నాను హజ్రత్," అన్నాడు ఇలియాస్, ఎవరూ అడక్కుండానే. "ఎండాకాలంలో మనం దూరపు దర్గాలో ఉర్సు ఉత్సవానికి వెళ్లినప్పుడు కదా నాన్న పోయింది. బయల్దేరానని కబురు పెట్టాను. వాడు ఆగలేదు. నేను బస్సు దిగేసరికి సమాధి చేసేశారు. గుప్పెడు మట్టి వేసే భాగ్యం కూడా నాకు దక్కలేదు. ఖబరుస్తాన్‌లోనే, అందరి ముందూ ఒట్టేశాను."

"కోపమా బేటా?"

"కోపం కాదు హజ్రత్. లోకాన్ని వదిలేశాను, అంతే."

"మంచిది," అన్నారు హజ్రత్ గడ్డం దువ్వుకుంటూ. "లోకమంతటినీ వదిలేసి, ఒక్క జిలానీని మాత్రం గట్టిగా పట్టుకున్నావు."

ఇలియాస్ తల దించుకున్నాడు.

"సరే, ఒట్టు ఒట్టే. చిక్కగా అల్లు, ముఖం కనబడదు. ముడి ఎలాగూ తల వెనకాలే పడుతుంది. వెనక నిలబడి కట్టెయ్. నేనూ వస్తాను. పెళ్లి బిర్యానీ తిని చాలా రోజులైంది."

గురువు నవ్వుతూ చెప్పినదాన్ని కాదనడం కష్టం. ఇలియాస్ కూర్చుని మల్లెలూ గులాబీలూ కలిపి అల్లాడు. అంత చిక్కటి సెహ్రా ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. అందులోకి గాలి దూరాలన్నా ఇలియాస్‌ను అడిగి దూరాలి.

పెళ్లినాడు జిలానీ కొత్త షేర్వానీలో, తలపాగాతో దివాను మీద కూర్చున్నాడు. ఇలియాస్ నేలచూపులు చూస్తూ వెనకగా వచ్చి, పూలతెర పెట్టి, ముడి వేశాడు. ఒట్టుకు చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు.

హజ్రత్ ముందుకొచ్చి పెళ్లికొడుకు తల నిమిరారు. ఆ చెయ్యి కిందికి దిగేసరికి కొన్ని దండలు షేర్వానీ గుండీకి చుట్టుకున్నాయి. అది దీవెనో కొంటెతనమో ఆయనకే తెలియాలి.

"చిక్కు పడింది బేటా. నాకు కళ్లు ఆనవు. అల్లినవాడివి, నువ్వే విప్పు."

అందరూ చూస్తున్నారు. ఇలియాస్ ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుండీ నుంచి దండలు విడిపించాడు. వాటిని సర్దబోతుంటే తెర పక్కకు తొలిగింది.

లోపల ముఖం కనబడలేదు. పెళ్లికొడుకు నోటికి అడ్డం పెట్టుకునే రుమాలును జిలానీ నుదుటిదాకా కప్పుకుని, రెండు చేతులతోనూ అదిమి పట్టుకున్నాడు.

"చూడకు భయ్యా," అన్నాడు రుమాలు లోపలి నుంచి. "నీ ఒట్టు చెడుతుంది."

ఇలియాస్ చేతిలోని దండలు వదల్లేదు.

"ఆ ఎండకు నాన్నను ఉంచలేకపోయాను భయ్యా. సాయంత్రందాకా ఆపమని అందర్నీ బతిమాలాను."

రుమాలు తడిసిపోయి ఉంది. ఇలియాస్ ఒక చేత్తో దండలు పట్టుకుని, రెండో చేత్తో ఆ రుమాలును మెల్లగా కిందికి లాగాడు.

"ఏడవకురా," అన్నాడు. "పూలు తడుస్తాయి."

ఖాజీ గారు నిఖా మొదలుపెడదామా అన్నట్టు దగ్గారు. హజ్రత్ ఆయన మోచేతి మీద చెయ్యి వేశారు.

ఇలియాస్ పూలతెరను రెండు చేతులతోనూ పక్కకు పట్టుకుని, అలాగే ఉండిపోయాడు.