గ్రీమా ఇవ్వని ఉన్ని

ఒకప్పుడు, ఉత్తరాన చలిదేశంలో, గొర్రె ఉన్ని దానంతట అది ఊడేది కాదు. కావలసినవాళ్ళు వెళ్ళి గొర్రెనే అడగాలి. అది సరేనంటే దూదిలా చేతిలోకి వచ్చేసేది. ఊహూఁ అందా, ఎంత లాగినా ఒక్క పోగు రాదు.

ఆ దేశంలో వైకింగులుండేవాళ్ళు. పొడుగాటి పడవలు కట్టుకుని సముద్రం మీద తిరిగేవాళ్ళు. వాళ్ళ తెరచాపలు దేంతో చేసేవారనుకున్నారు? ఉన్నితోనే! ఇంట్లో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి వడికి, మగ్గం మీద నేసేవాళ్ళు.

రగ్నా కూడా తన భర్త స్కాప్తి కోసం అలాగే నేసింది. అంతా అయింది కానీ మధ్యలో ఒక ముక్క నేయడం మిగిలిపోయింది. ఇంట్లో ఉన్ని నిండుకుంది. ఇక ఉన్నదల్లా గ్రీమా ఒంటిమీదే.

గ్రీమా బూడిదరంగు గొర్రె. దాని ఉన్ని జిడ్డుగా, ఒత్తుగా ఉండేది. వాన పడితే చుక్క నిలిచేది కాదు.

“గ్రీమా, నా తల్లివి కదూ, నీ ఉన్ని ఇస్తావా?” అంది రగ్నా.

“అబ్బ, ఇవాళా? గాలి ఎలా కోసేస్తోందో చూడు. రేపిస్తాలే!”

మర్నాడు మళ్ళీ వచ్చింది రగ్నా.

“ఇవాళ ఎండ కాసింది కదా, నా ఉన్ని ఎలా మెరుస్తోందో చూశావా? ఒక్కరోజు ఉంచుకోనీ.”

పక్కనున్న ముసలి పొట్టేలు పకపకా నవ్వింది. “పెళ్ళికూతురు ముస్తాబు విప్పనంటోంది!”

“నీ ఒళ్ళు బోడి కదా, అందుకే నీకు కుళ్ళు!” అంది గ్రీమా.

రగ్నా నవ్వలేదు. “సముద్రం అడుగున రాన్ అనే దేవత వల పట్టుకుని కూచుంటుందే. మునిగినవాళ్ళని అందులో వేసేసుకుంటుంది. తెరచాప గట్టిగా ఉంటేనే నా మనిషి ఇంటికొస్తాడు.”

గ్రీమాకి జాలేసింది. నిజంగానే వేసింది.

“రేపు తప్పకుండా, రగ్నమ్మా” అంది.

ఆ రేపు తెల్లవారేసరికి మంచి గాలి వీచింది. గాలి అనుకూలిస్తే పడవలు ఆగవు. రగ్నా గబగబా పాత దుప్పటి ముక్క ఒకటి అతికింది.

“ఎందుకే అంత దిగులు? వేసవి సముద్రమేగా!” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు స్కాప్తి.

గ్రీమా కొండమీంచి చూసింది. అంత పెద్ద తెరచాపలో దాని కంటికి ఆ పాత ముక్కే కనిపించింది.

చలిగాలులు మొదలయ్యేలోగా మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. స్కాప్తి పడవ రాలేదు. గ్రీమా ఒడ్డుకెళ్ళి, సముద్రం మీద తిరిగే తెల్లపక్షిని అడిగింది.

“తుఫానులో అతుకు దగ్గరే చిరిగిందమ్మా. ఆ తరవాత అంతా నీళ్ళే” అంది పక్షి.

గ్రీమా పరుగెత్తుకుంటూ రగ్నా గుమ్మంలోకి వచ్చిపడింది. “తీసుకో రగ్నమ్మా! అంతా తీసేసుకో!”

రగ్నా దాని మెడ నిమిరింది. తిట్టలేదు. తిట్టినా బాగుండుననుకుంది గ్రీమా.

“ఇప్పుడెందుకే, తల్లీ? చలికాలమొస్తోంది, ఉంచుకో.”

చలికాలమంతా గ్రీమా ఆ ఉన్నిలో వెచ్చగా పడుకుంది. కానీ నిద్రపట్టలేదు.

మంచు కరిగింది. ఒడ్డున ఎవరో మళ్ళీ ప్రయాణం కోసం పడవకి తారు పూస్తున్న వాసన వచ్చింది. గ్రీమా లేచి రాళ్ళకి రాసుకుంది, ముళ్ళకంపలకి ఒరుసుకుంది. ఉన్ని అంతా ఊడదీసి అక్కడే వదిలేసింది. దాన్ని చూసి దాని పిల్లలూ అలాగే చేశాయి.

అప్పటినుంచే ఆ ఉత్తరదేశపు గొర్రెలకి, వేసవి వస్తుండగానే, ఉన్ని తనంతట తానే ఊడిపోతుంది. రాళ్ళమీదా కంపలమీదా కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంది, ఎవరూ అడగకముందే.