తలకో సంచి

“గాలిమోటారొచ్చిందహో! తలకో సంచే! ఎక్కేవాళ్ళు ఎక్కండహో!”

వీధి చివర్నుంచి కోతి వేసిన కేక అది. ఆ కేక వినగానే వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది. అనగనగా ఒక అడవిలో సంగతి ఇది. అడవిలో వీధేమిటి మావయ్యా అని నవ్వకండర్రా! అటొక వరస చింతచెట్లు, ఇటొక వరస చింతచెట్లు ఉంటే, మధ్యలో ఉన్నది వీధి కాక మరేమిటి?

గాలిమోటారంటే మీకు తెలీదు కదూ. మీరిప్పుడు విమానం అంటున్నారే, దాన్నే మా చిన్నప్పుడు గాలిమోటారు అనేవాళ్ళం. ఆకాశంలో బుర్రుమని చప్పుడైతే చాలు, చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండేది. వీధిలోకి పరిగెత్తి, అది చుక్కంత అయ్యేదాకా చూసేవాళ్ళం. ఎక్కడం మాట దేవుడెరుగు, చూడ్డమే మాకు పండగ. రేపు మీరు దాన్ని ఎక్కబోతున్నారు. అందుకే ఈ కథ చెబుతున్నాను. ఆ పెట్టెల్లో బట్టలు కుక్కడం కాసేపు ఆపి వినండి.

ఆ అడవిలో గాలిమోటారంటే ఈతాకులతో అల్లిన పెద్ద బుట్ట. బుట్టకి నారతాళ్ళు. ఆ తాళ్ళు నడుముకి కట్టుకుని ఎగిరేవి రెండు గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడుతూ ఉంటుందే, చెరువుల్లో చేపలు పట్టే ఆ పెద్ద పక్షి, అదే గూడబాతు. పెద్దవాడి పేరు సింహాద్రి. రెండోవాడు వాడి తమ్ముడు. వాడు మాట్లాడడు, ఎగురుతాడంతే.

ఆ రోజు ఎక్కాల్సింది ఉడుత పైడమ్మ.

పైడమ్మకి ఒక్కతే అక్క. పేరు నూకాలు. పెళ్ళయి కొండ అవతల పనసతోపుకి వెళ్ళిపోయింది. కొండ మీద డేగలు తిరుగుతాయి, నడిచి వెళ్ళే దారి లేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. అలాంటిది, మొన్న కాకి ఒక కబురు తెచ్చింది.

“చెల్లీ, నా కళ్ళు మసకబారిపోతున్నాయి. ఈ వానలు దాటేసరికి అసలు కనిపిస్తుందో లేదో. కనిపిస్తుండగానే నీ మొహం ఒక్కసారి చూడాలనుందే.”

వానలు పడితే గాలిమోటారు కట్టేస్తారు. మళ్ళీ చలికాలం వస్తేగాని ఎగరదు. మబ్బులు అప్పటికే కమ్ముకొస్తున్నాయి. అంటే వెళ్తే ఈ రోజే వెళ్ళాలి.

పైడమ్మ మూటలు కట్టడం మొదలెట్టింది. ముందు చిన్న మూటే కట్టింది పాపం. ఇంతలో పక్కింటి పందికొక్కు వచ్చింది.

“వదినా, అక్క దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్తావా? బాగుంటుందా? ఇవిగో వేరుశనక్కాయలు. మా కన్నంలోవి, గట్టిగా ఉంటాయి.”

తర్వాత గోరింక వచ్చింది. “పిన్నీ, కొండ దగ్గర చలటే! మా గూట్లో గుడ్డలు మూడు తెచ్చాను. మూడూ కప్పుకో!”

తర్వాత కోతి వచ్చింది. దాని చేతిలో చింతకాయ తొక్కు జాడీ. “నూకాలత్తకి నా చేతి తొక్కంటే ప్రాణం. ఒలక్కుండా తీసుకెళ్ళు. ఒలికిందా, నాకు చెప్పకు, ఏడుస్తాను.”

వద్దనలేకపోయింది పైడమ్మ. మన దగ్గర ఇది మామూలేగా! ఒకరు ఊరెళ్తున్నారంటే వీధి వీధంతా వాళ్ళ మూటలోకి ఎక్కుతుంది.

అందరూ వెళ్ళాక పైడమ్మ తొర్ర లోపలికి పాకింది. చీకటి మూల నుంచి ఒక కొబ్బరి చిప్ప తీసింది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ అందులోనే పడుకునేవారు. వామనగుంటలాడిన చింతపిక్కలు తీసింది. వాళ్ళమ్మ వాళ్ళకోసం పరిచిన బూరుగుదూది తీసింది. దూదిలో ముక్కు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. అన్నిటినీ ఒక సంచిలో వేసి నెత్తికెత్తుకుంది.

దారిలో ఆకలేస్తుందని జంతికలు కూడా కడుపు పట్టినంత తినేసింది.

గాలిమోటారు దగ్గరికి అలా ఊగుతూ వచ్చిన పైడమ్మని చూసి సింహాద్రి నోరు తెరిచాడు. ముక్కు కింద సంచి కూడా తెరుచుకుపోయింది.

“ఏమిటి పెద్దమ్మా ఇది? తలకో సంచని కేక వేయించాం కదా!”

“అవున్నాయనా, విన్నాను. తలకి ఒక్కటే పెట్టుకున్నాను చూడు. వీపుకెన్నో మీరు చెప్పలేదు. నడుముకెన్నో చెప్పలేదు. తోక ఊసే ఎత్తలేదు!”

వీధంతా గొల్లుమంది. వీపు మీద వేరుశనక్కాయలు, నడుముకి జాడీ, తోకకి నీళ్ళబుర్రతో సహా తను ముందు కట్టుకున్న చిన్న మూట. ఒంటి నిండా గోరింక ఇచ్చిన గుడ్డలు.

“తలకో సంచంటే మనిషికో సంచి అని!” అన్నాడు సింహాద్రి.

“నేను మనిషినా?” అంది పైడమ్మ.

సింహాద్రికి రెక్కలున్నాయి గానీ అంత నోరు లేదు. “ఎక్కమ్మా తల్లీ, ఎక్కు. కొండ దగ్గర మాత్రం నన్నేమీ అనకు,” అన్నాడు.

బుట్టలో అప్పటికే ఒక తాబేలు కూర్చుని ఉంది. పేరు అప్పలస్వామి. పనసతోపు చెరువులో చుట్టాలున్నారట. చేతిలో ఒక చిన్న నీళ్ళబుర్ర, మెడ కింద మడత పెట్టిన ఒక గుడ్డ. అంతే సామాను.

గాలిమోటారు లేచింది. చింతచెట్లు గడ్డిపరకలయ్యాయి. వీధి దారప్పోగయింది. చూడాల్సిన వింత అది! కానీ పైడమ్మకి చూసే వీలేదీ? నెత్తిన సంచి, తలెత్తితే పడిపోతుంది. వీపున మూట, వెనక్కి ఆనుకోడానికి లేదు. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కాయి. మూడు గుడ్డల లోపల ఒళ్ళు ఉడికిపోయింది. జంతికలు కడుపులో గుడగుడమన్నాయి. చెవులు దిబ్బడేశాయి. గొంతు ఎండింది. నీళ్ళబుర్రేమో తోక మూట అడుగున ఉంది, అందదు.

“ఇదిగో, నా బుర్రలోవి తాగమ్మా,” అన్నాడు అప్పలస్వామి. “గటగటా కాదు, గుక్క గుక్కగా. గుటక వేస్తుంటే చెవులు కూడా వదులుతాయి. ఆ గుడ్డల్లో ఒకటుంచుకుని మిగిలినవి తీసెయ్. ఒక్క గుడ్డే మడిస్తే తలగడ, విప్పితే దుప్పటి. అప్పుడప్పుడూ కాళ్ళు చాపి పాదాలు తిప్పుతూ ఉండు.”

“కాళ్ళు చాపడానికి చోటేది బాబూ?”

“చోటంతా నువ్వే తెచ్చి నింపావు కదమ్మా.”

పైడమ్మకి ఒళ్ళు మండింది. “నన్నంటావేం? నువ్వు మాత్రం? ఇల్లంతా వీపు మీదేసుకుని వచ్చావు!”

అప్పలస్వామి నవ్వాడు. “నిజమేనమ్మా. కానీ నా ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. నీ మూటల్లో వీధంతా ఉంది.”

ఇంతలో కొండొచ్చింది.

కొండతోపాటు ఎదురుగాలీ వచ్చింది. బుట్ట అటూ ఇటూ ఊగింది. సింహాద్రి రెక్కలు టపటపా కొడుతున్నాడు, పైకి లేవలేకపోతున్నాడు. బుట్ట అడుగు చెట్ల చిటారుకొమ్మలకి గీసుకుంది.

“పెద్దమ్మా!” అని అరిచాడు సింహాద్రి. “ఇలాగైతే కొండ దాటలేం. బరువు తీస్తావా, వెనక్కి తిప్పమంటావా? చెప్పు!”

వెనక్కా? వెనక్కి వెళ్తే వానలు. వానలయ్యేసరికి అక్క కళ్ళు.

పైడమ్మ నడుముకున్న జాడీ విప్పింది. “కోతీ, నన్ను తిట్టుకోకే!” అని వదిలేసింది. బుట్ట కాస్త లేచింది. చాల్లేదు.

వీపున ఉన్న వేరుశనక్కాయల మూట విప్పింది, తోక మూట విప్పింది. ఒంటి మీద ఒక గుడ్డ మాత్రం ఉంచుకుని, మిగిలినవన్నీ తోసేసింది. కింద కొండ మీద ఎవరి నోట్లో పడ్డాయో, ఎవరి నెత్తిన పడ్డాయో! బుట్ట ఇంకాస్త లేచింది. అయినా చాల్లేదు.

ఇక మిగిలింది నెత్తిన సంచి.

పైడమ్మ దాన్ని కిందికి దించి గుండెకి హత్తుకుంది. “ఇది కాదు నాయనా! ఇది మా అమ్మ దూది. మా చిప్ప. ఇది పారేస్తే మా అక్కకి ఏం చూపించను?”

గాలి హోరులో అప్పలస్వామి మెల్లగా అడిగాడు. “ఏం చూడాలని కబురు పెట్టిందమ్మా మీ అక్క?”

పైడమ్మ సంచి మూతి విప్పింది. చిప్పని ఒకసారి తడిమి వదిలింది. చింతపిక్కలు వదిలింది. చివరికి సంచి తిరగేసి దులిపింది. బూరుగుదూది గాల్లోకి లేచింది. తెల్లతెల్లగా విడిపోయి, కాసేపు బుట్ట పక్కనే ఎగురుతూ వచ్చింది. తర్వాత వెనకబడిపోయింది. అది కనబడకుండా పోయేదాకా పైడమ్మ దానివైపే చూసింది. కళ్ళు తుడుచుకుని ముందుకి తిరిగేసరికి కొండ కింద ఉంది, వాళ్ళు పైన ఉన్నారు.

ఆ తర్వాత ప్రయాణమంటే ప్రయాణమర్రా! కాళ్ళు చాపుకుంది. వెనక్కి ఆనుకుంది. ఒక గుడ్డ మడిచి మెడ కింద పెట్టుకుంది. చల్లగాలికి ఒక కునుకు తీసి లేచింది. తలెత్తి నాలుగు వైపులా చూసింది. ఏళ్ళ తరబడి కొండ అవతల ఏముంటుందో అనుకునేది కదా, అదంతా పచ్చగా కాళ్ళ కింద పరుచుకుని ఉంది.

పనసతోపులో దిగగానే, ఎదురుగా నూకాలు. తోకంతా నెరిసిపోయింది. తలొంచి, కళ్ళు చికిలించి చూస్తోంది.

“ఎవరదీ? మా పైడేనా? ఇంకా దగ్గరికి రా. ఇంకా రా.”

పైడమ్మ దగ్గరికెళ్ళింది. అక్క ముక్కుకి తన ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది. నూకాలు చూసింది. చూస్తూనే ఉంది. నుదురు చూసింది, చెవులు చూసింది, మీసాలు చూసింది.

“అచ్చం అమ్మలా అయిపోయావే,” అంది.

“అక్కా, నీకేమీ తేలేదే. ఉత్త చేతుల్తో వచ్చాను.”

“పోనీలేవే. మూటలుంటే అవి దింపేదాకా నేనాగాలి,” అంటూ ఆ రెండు చేతులూ పట్టుకుంది నూకాలు. అలా పట్టుకునే ఇంట్లోకి తీసుకెళ్ళింది. గూడబాతుల్నీ తాబేల్నీ కూడా లోపలికి లాక్కొచ్చారు మనవలు. “తినకుండా వెళ్తే మా అమ్మమ్మ ఊరుకోదు!”

ఆకులు పరిచారు. పనసతొనలు, చెరువు చేపలు, లేత చిగుళ్ళు, కాల్చిన గింజలు. అంతా సిద్ధం. కానీ కూర్చునేదెవరు?

“చుట్టానివి, నువ్వు ముందు కూర్చో,” అంది నూకాలు.

“పెద్దదానివి, నువ్వు కూర్చోందే నేను కూర్చోను,” అంది పైడమ్మ.

“వడ్డించేది నేను!”

“నేనుండగా నువ్వు వడ్డిస్తావా?”

ఒకరి చేతిలోంచి ఒకరు తొనల బుట్ట లాక్కుంటున్నారు. సింహాద్రి చేప వైపు చూసి గుటక వేశాడు. ఎప్పుడూ మాట్లాడని తమ్ముడు అప్పుడు నోరు విప్పాడు.

“ఎవరో ఒకరు కూర్చోండి తల్లీ! రెక్కలు పడిపోయేలా ఎగిరి వచ్చాం!”

అందరూ పక్కున నవ్వారు. నూకాలు చెల్లెల్ని వెలుతురు పడే చోటికి జరిపింది. “ఇక్కడ కూర్చో. ఎదురుగా నేను కూర్చుంటాను. నువ్వు తింటుంటే చూడాలి,” అంది.

పైడమ్మ కూర్చుంది. నూకాలు కూర్చుంది. మనవలు, గూడబాతులు, తాబేలు, అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. బయట మొదటి వాన చినుకులు పడుతుంటే, లోపల అందరూ కలిసి తినడం మొదలెట్టారు.

నీతి: దారికి సరిపడా మూట కట్టుకున్నవాళ్ళు హాయిగా వెళ్తారు, ఎదురుచూసేవాళ్ళని వేళకి చేరుకుంటారు.