నూనె రాసిన అధికారి

ఆ స్వామి దయవల్ల మీ చేతులు చల్లగా ఉండాలి నాయనా, వినండి. మల్లగిరి రాజుగారికి ఒకరోజు ఓ సరదా పుట్టింది.

"నా ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించిన అధికారికి ఈ బంగారు కడియం తొడుగుతాను!"

అనడమే ఆలస్యం, కోట పనుల అధికారి భుజంగరాయుడు నిగనిగలాడే మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"ప్రభూ! సున్నం కలిపే కూలీల చేతులు పొక్కకుండా, రోజూ పనికి ముందు నూనె రాయాలన్నారు. అరవై మందికీ రాశాం!"

తాటాకుల కట్ట విప్పి చూపించాడు. ప్రతి పేరు పక్కనా ముత్యాల్లాంటి అక్షరాలతో 'నూనె', 'నూనె', 'నూనె'.

రాజుగారు అతనికి తొడగబోతూ కడియం చేతిలోకి తీసుకున్నారు. అంతలో సున్నం కలిపే గంగులమ్మ గుమ్మం దగ్గర గొల్లుమంది.

"నా చేతులు చూడండి సామీ! అన్నం కలుపుకోలేకపోతున్నా. ఇదేంటని అడిగితే రేపట్నించి పనిలోకి రావద్దంటున్నారు!"

అరచేతులు పగిలి, తోలు లేచి, ఎర్రగా ఉన్నాయి.

"అది ఒంటి వేడి ప్రభూ, మజ్జిగ తాగమనండి," అన్నాడు భుజంగరాయుడు. "నూనె రాసినట్టు ఆకులో ఉందిగా!"

రాజుగారికి తాంబూలం అందించే పుల్లన్న ఇదంతా విన్నాడు. దేవుడు పుల్లన్నకు ఆస్తి ఇవ్వలేదు గానీ ఆ లోటు నాలుకతో తీర్చాడు.

"ఇంత చల్లని మాట చెప్పిన నోరు ఊరికే ఉండకూడదండీ!" అంటూ అధికారికి తమలపాకు చిలక చుట్టి ఇచ్చాడు. లోపల సున్నం మాత్రం దిట్టంగా పట్టించాడు.

నమిలీ నమలకముందే భుజంగరాయుడు ఎగిరి గంతేశాడు.

"అబ్బా, మంట! మూతి పొక్కింది! నూనె రాయరా పుల్లన్నా, నూనె!"

"చిత్తం." పుల్లన్న తాపీగా ఆ తాటాకుల కట్టే అందుకుని, గంటంతో గీకాడు: 'భుజంగరాయుడు, మూతి, నూనె.'

"రాశానండీ! చల్లబడిందా?"

సభంతా పగలబడి నవ్వింది.

"ఇంతకీ కూలీల కోసం కొట్టులో ఉంచిన నూనె ఏమైందో ఆయనగారి మీసాన్ని అడగండి ప్రభూ," అన్నాడు పుల్లన్న.

రాజుగారు నవ్వాపుకుని, కడియం పుల్లన్న చేతికి తొడిగారు.

"గంగులమ్మా, నీ పని నీదే. చేతులు మానేదాకా ఇంటిదగ్గరే కూలి అందుతుంది. భుజంగం! ఇవాళ్టి నుంచి రోజూ అందరికీ నువ్వే రాయాలి. గంటంతో కాదు, చేత్తో! ఇప్పుడే మొదలుపెట్టు."

నూనె గిన్నె వచ్చింది. గంగులమ్మ చేతులు చాపింది.

"వేళ్ళ సందులు వదలకుండా, కాస్త గుండ్రంగా రాయండి బాబూ!"