అచ్చియ్యమ్మ అడ్డుచీర

అనగనగా గోదారి ఒడ్డున ఒక పట్నం. గుళ్ళు లెక్కలేనన్ని, రేవులు అంతకు మించి. పేరు మాత్రం అడక్కండి. ఒక ఊరి పేరు చెప్తే మిగతా ఊళ్ళవాళ్ళు "ఆ రేవు మాది" అంటూ నా మీదికొస్తారు.

ఆ రేవులో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. విస్తళ్ళు కుట్టుకుని బతికేది. ఆవిడకి రెండే చీరలు. కట్టుకున్నది ఒకటి, పట్టుకున్నది ఒకటి.

పట్టుకోవడమేమిటంటారా? ఎక్కడెక్కడి ఆడవాళ్ళో వచ్చి గోదాట్లో మునిగేవాళ్ళు. పైకొచ్చి పొడిచీర కట్టుకుందామంటే చాటుండేది కాదు. అన్ని గుళ్ళు కట్టించిన మహారాజులకి ఈ సంగతి తోచనే లేదు. అచ్చియ్యమ్మకి తోచింది. తన రెండో చీర ఒక కొస రాటకి కట్టేది. ఇంకో కొస చెయ్యెత్తి పట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడేది.

"కట్టుకో తల్లీ, నేనున్నాను" అనేది. ఎవరేమిచ్చినా పుచ్చుకునేది కాదు.

ఆవిడకి ఒక్కటే కోరిక. ఐదేళ్ళ కూతురు జ్వరమొచ్చి పోయింది. పుష్కరాల్లో ఒక్క మునక వేసి, ఆ పిల్ల పేర దోసెడు నీళ్ళు వదలాలి. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి వస్తాయి, పన్నెండు రోజులుంటాయి. పన్నెండోనాడు పొద్దుగూకితే పుష్కరుడు నదిని విడిచి వెళ్ళిపోతాడని నమ్మకం.

మొదటిసారి పుష్కరాలొచ్చేసరికి అచ్చియ్యమ్మ జుట్టు నల్లగా ఉంది. మొదటి రోజునుంచి ఆఖరి రోజు సాయంత్రం దాకా జనమే జనం, ఎత్తిన చెయ్యి దించే తీరిక లేదు. రాటకి కట్టిన అడ్డుచీర విప్పి భుజాన వేసుకుని మెట్లు దిగబోతే, వెనకనుంచి ఒక దొరసాని పిలిచింది. జనంలో దాసీలు తప్పిపోయారట, తడిబట్టల్లో వణికిపోతోంది.

"కట్టుకో తల్లీ, నేనున్నాను" అని అచ్చియ్యమ్మ వెనక్కొచ్చింది. దొరసాని వెనక ఇంకొకరు, ఆవిడ వెనక మరొకరు. పొద్దుగూకింది.

"పోనీలే, మళ్ళీ పుష్కరాలకి" అనుకుంది.

రెండోసారికి జుట్టు సగం నెరిసింది. ఆఖరి రోజు మెట్లు దిగబోతే, చూపులేని ముసలావిడ గోడ తడుముకుంటూ ఎదురైంది.

"కట్టుకో తల్లీ, నేనున్నాను." ఆవిడ వెనక ఇంకొకరు, మరొకరు. పొద్దుగూకింది.

"పోనీలే, మళ్ళీ పుష్కరాలకి."

మూడోసారికి జుట్టంతా ముగ్గుబుట్ట. ఇంక పోనీలే అనడానికి వయసు లేదు. ఆఖరి రోజు ఇంకా ఎండ ఉండగానే అడ్డుచీర రాటనుంచి విప్పేసింది. ఎవరు పిలిచినా తిరిగి చూడకూడదని ఒట్టేసుకుంది. ఆఖరి మెట్టు మీదికొచ్చింది. అప్పుడు వినపడింది కేక.

ఒక నిండు గర్భిణి మెట్ల మీదే కూలబడింది. నొప్పులు. జనమంతా ఆఖరి మునక కోసం నీళ్ళలోకి పరుగులు తీస్తున్నారు. ఆగినవాళ్ళు లేరు. కూడా వచ్చిన అత్తగారొక్కతే "చాటు చెయ్యండమ్మా" అని ఏడుస్తోంది.

అచ్చియ్యమ్మ గోదారికేసి చూసింది. ఆ పిల్లకేసి చూసింది. ఆవిడకీ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కెళ్ళి చీర రాటకి కట్టి, చెయ్యెత్తి నిలబడింది.

"కను తల్లీ, నేనున్నాను."

పొద్దుగూకింది. అప్పుడు కేరుమంది పసిది. ఆడపిల్ల! ఆ అడ్డుచీరలోనే చుట్టారు. అచ్చియ్యమ్మ ఎత్తిన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు, అలాగే బిగుసుకుపోయింది. అత్తగారు పట్టుకుని దించాల్సి వచ్చింది.

నీళ్ళలోంచి పైకొస్తున్న ఆడవాళ్ళు ఇదంతా చూసి సిగ్గుపడ్డారు. "అయ్యో అమ్మా, మునుగుదువుగాని రా" అన్నారు.

రేవు పంతులుగారు తల అడ్డంగా ఊపారు. "ఇంకేం మునక? పుష్కరుడు వెళ్ళిపోయాడు."

అత్తగారు తల ఎత్తింది. "గోదాట్లోంచి ఎల్లిపోయాడేమో పంతులుగారూ! ఈళ్ళ కొంగుల్లోంచి ఎక్కడికెల్తాడండీ? పొద్దుండగా తడిసిన కొంగులు కదా!"

పంతులుగారు ఆలోచించి అవునన్నారు. కాదంటే ఆ ఆడవాళ్ళు ఆయన్ని గోదాట్లో వేసేలా ఉన్నారు.

ఒకావిడ వచ్చి తన కొంగు అచ్చియ్యమ్మ తలమీద పిండింది. ఇంకొకావిడ పిండింది. మరొకావిడ పిండింది. వంద కొంగులు! తల తడిసింది, ఒళ్ళు తడిసింది. అచ్చియ్యమ్మ దోసిలి పట్టింది. నిండిన దోసిలి కూతురి పేర గోదాట్లో వదిలింది. అన్నేళ్ళ బరువు దిగిపోయింది.

ఇప్పుడావిడ తడిసి ముద్దయింది, మార్చుకునే చీరేమో పసిదాని ఒంటిమీద ఉంది. ఎవరో తమ పొడిచీర చేతికిచ్చారు. చుట్టూ పది చీరలు అడ్డుగా లేచాయి. పట్టుకున్నవాళ్ళంతా మొహాలు అటు తిప్పుకున్నారు.

"కట్టుకో తల్లీ, మేమున్నాం."

ఆ మరుసటేడు అచ్చియ్యమ్మ పోయింది. గుడి కట్టలేదు, విగ్రహం పెట్టలేదు. కానీ ఆ రేవులో ఈనాటికీ ఆడది చాటు కోసం అడగక్కర్లేదు. ఎవరో ముక్కూమొహం తెలియనావిడ చీర పట్టుకుని నిలబడుతుంది. నీళ్ళలోంచి వచ్చినావిడ ముందుగా తన కొంగు ఆ చీర పట్టుకున్నావిడ అరచేతిలో పిండుతుంది.

"ఇది అచ్చియ్యమ్మ వంతు" అంటుంది.

పట్టుకున్నావిడ ఆ తడిచెయ్యి తలకి రాసుకుని, మొహం అటు తిప్పుకుంటుంది. ఏమంటుందో మీకు తెలుసు. అనండి మరి, కథ మీ నోటితోనే ముగియాలి.

"కట్టుకో తల్లీ, నేనున్నాను."