గాదె కిటికీ ముందు చోటు

ఒక రాజ్యంలో రాజుగారి మాట గాదె తలుపు దాకా చేరాలంటే ఆరుగురు దుబాసీలు కావలసి వచ్చేది.

మొదట్లో ఇలా లేదు. గాదె కట్టించిన తొలి రాజు కొండజాతివాడు. కాపలాకి తన మనుషులనే పెట్టుకున్నాడు. తర్వాత రాజ్యం ఇంకో వంశం చేతికి వచ్చింది. వాళ్ల భాష వేరు. కాపలావాళ్లను మారుద్దామా అని ఎవరో అడిగితే, “బాగానే నడుస్తోంది కదా, కెలకడం ఎందుకు?” అన్నాడు ఆనాటి మంత్రి. కొండభాష తెలిసినవాణ్ణి ఒకణ్ణి తెచ్చి గాదె దగ్గర కూర్చోబెట్టారు. ఆ వంశం పోయి మరొకటి వచ్చింది. వాళ్లూ ఆ దుబాసీని కెలకలేదు. అతని ముందు ఇంకొక దుబాసీని కూర్చోబెట్టారు. అలా రాజులు పోయారు, భాషలు పోయాయి. దుబాసీల వరస మాత్రం పెరుగుతూ వచ్చింది. ఒకడు చనిపోతే అతని కొడుకు వచ్చి అదే పీట మీద కూర్చునేవాడు.

వరస మధ్యలో ఒకాయన భాషలో ‘ఇప్పుడు’ అనే మాటే లేదు. దాని బదులు ‘పండినప్పుడు’ అనేవాడు. ఇంకొకాయన భాషలో అవునుకీ కాదుకీ ఒకటే మాట. మరొకాయనకు చెవుడు. ఆయన్ని తీసేస్తే ఏం చెడుతుందోనని భయపడి, ఆయన చెవిలో అరవడానికి ఒక మనిషిని పెట్టారు. అరిచి అరిచి ఆ మనిషి గొంతు పోయింది. అతని పక్కన గంట కొట్టేవాణ్ణి పెట్టారు.

వరసలో మొదటివాడి పేరు కేసన. సింహాసనం పక్కనే అతని ఆసనం. భుజాన పట్టు ఉత్తరీయం, చేతికి కంకణం. నాలుగు భాషల్లో పండితుడు. చివరివాడి పేరు బొల్లన. గాదె గోడకి ఒక చిన్న కిటికీ ఉంది. దాని ముందు చాప వేసుకుని కూర్చుని, లోపలున్న కాపలామనిషితో మాట్లాడటమే అతని పని. అతను తప్ప ఆ కిటికీతో ఇంకెవరూ మాట్లాడకూడదని కట్టడి.

కేసనకి బొల్లనంటే కడుపుమంట.

బొల్లన తుమ్మితే ఆస్థానమంతా ఉలిక్కిపడేది. రాజవైద్యుడు శొంఠి పట్టుకుని పరుగెత్తేవాడు. పండగనాడు మొదటి తలపాగా బొల్లనకే. అతను పొరుగూరు వెళ్తానంటే మంత్రులు గడ్డం పట్టుకుని బతిమాలేవాళ్లు. కొండభాష తెలిసినవాడు రాజ్యం మొత్తానికి అతనొక్కడే మరి. కేసనకి వారం రోజులు జ్వరం వస్తే, అతని పీట మీద ఎవరో కుర్రపండితుణ్ణి కూర్చోబెట్టి పని కానిచ్చేశారు.

“నాలుగు భాషలు నేర్చుకున్నాను. వాడికి వచ్చింది ముష్టి రెండు భాషలు,” అన్నాడు కేసన ఒకనాడు అన్నం ముందు కూర్చుని.

“మీ కంచంలో అన్నం ఉంది కదండీ. ఆయన కంచంలోకి చూడటం ఎందుకు?” అంది అతని భార్య పేరమ్మ.

కేసన చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులు నెర్రెలు విచ్చాయి. పల్లెల జనం పిల్లల్ని చంకనేసుకుని కోట ముందుకి వచ్చి కూర్చున్నారు. రాజుగారు మేడ మీదనుంచి చూసి కేసన వైపు తిరిగారు.

“ఇవాళే గాదె తెరిచి, ఇంటికో కుంచెడు జొన్నలు ఇమ్మను.”

కేసన మాట అందించాడు. మాట వరసలోకి వెళ్లింది. సాయంత్రానికి అదే వరసలో జవాబు తిరిగి వచ్చింది.

“ప్రభూ,” అన్నాడు కేసన తడబడుతూ. “ఏనుగుకి స్నానం చేయించామంటున్నారు.”

మర్నాడు మళ్లీ పంపారు. ‘పండినప్పుడు తప్పకుండా’ అని వచ్చింది. ఆ రాత్రి కోట ముందు ఒక ముసలాయన ఆకలికి ప్రాణం విడిచాడు.

కేసన మనసులో ఒక మూల బాధ, ఇంకో మూల చిన్న సంతోషం. తప్పు కచ్చితంగా బొల్లనదే. ఇంతకన్నా మంచి సమయం రాదు. పట్టపగలు అందరి ముందు వాణ్ణి పట్టివ్వాలి. తెల్లవారగానే అతను లేచి, ఎన్నడూ వెళ్లని దారిన వరస పొడుగునా నడుచుకుంటూ గాదె దగ్గరకి వెళ్లాడు. చాప ఖాళీగా ఉంది. బొల్లన స్నానానికి వెళ్లినట్టున్నాడు.

కోట గోడ అవతలినుంచి పిల్లల ఏడుపు వినబడుతోంది. కేసనకి ఒళ్లు మండింది. కట్టడి మాట మరిచిపోయి కిటికీ చెక్క మీద దబదబా బాదాడు. అతని నోట తన సొంత భాషే వచ్చింది.

“తలుపు తియ్యండి! బయట జనం చచ్చిపోతున్నారు!”

చెక్క తెరుచుకుంది. లోపల ఒక నడివయసు ఆడమనిషి. పేరు ముప్పమ్మ. తరాలుగా గాదె కాస్తున్న ఇంటి ఆడపడుచు.

“అయ్యయ్యో, ముందే చెప్పొద్దా బాబూ? ఎంతెంత కొలవమంటారు?” అంది.

కేసన కిటికీ అంచు పట్టుకుని లోపలికి వంగాడు. “నీకు... మా భాష వచ్చా?”

“ఇక్కడే పుట్టాను, ఇంకే భాష వస్తుంది? కొండభాష మా అమ్మమ్మతోనే పోయింది.”

“మరి బొల్లనతో ఏం మాట్లాడతావు?”

“ఆయన ఏదో అంటాడు. నేనూ ఏదో అంటాను. ప్రతి అమావాస్యకీ పున్నమికీ తలుపు తీసి గింజలు కొలిచే ఆనవాయితీ ఎలాగూ ఉంది కదా, అందుకని ఇబ్బంది రాలేదు. పెద్దమనిషి, అర్థం కాలేదంటే నొచ్చుకుంటాడని ఊరుకున్నాను.”

ఆమె తలుపు తీసింది. ఎండ నడినెత్తికి రాకముందే కొలత మొదలైంది. కోట ముందు పొయ్యిలు వెలిగాయి.

కేసన వెనక్కి తిరిగేసరికి బొల్లన తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో ఏమో.

“మా నాయన నేర్పిన శబ్దాలే నాకు వచ్చు,” అన్నాడు మెల్లగా. “వాటికి అర్థమేమిటో ఆయనకీ తెలియదు. చెప్పేయండి, కేసనగారూ. ఒక్క మాట మాత్రం నమ్మండి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మీ ఆసనమంటే నాకు కుళ్లు. రాజుగారి పక్కన కూర్చుంటారు. నేను ఆయన మొహం ఇంతవరకూ చూడలేదు.”

కేసన అతన్ని దాటుకుని కోట వైపు నడిచాడు.

రాజుగారు కేసనని నిండు సభలోకి పిలిపించారు. “తలుపు తీయించింది నువ్వేనట. ఎలా?”

“కిటికీ దగ్గరకి వెళ్లి మాట్లాడాను, ప్రభూ.”

సభలో కలకలం రేగింది. మంత్రులు లేచి నిలబడ్డారు. “కొండభాష కూడా నేర్చావా!” అన్నారు రాజుగారు.

నిజం కేసన నాలుక చివర ఉంది. అది చెబితే బొల్లన పీట పోతుంది. దాంతోపాటు వరసలో ఉన్న పీటలన్నీ పోతాయి. మొదటిది తనదే. అతను తలెత్తి చూశాడు. సభలో ఉన్న ప్రతి కన్నూ అతని మీదే ఉంది. ఇన్నాళ్లూ ఆ కళ్లు బొల్లన వైపు అలా చూస్తుంటే, తను పళ్లు నూరుతూ చూసేవాడు.

“నేర్చుకున్నాను, ప్రభూ,” అన్నాడు.

రాజుగారు దిగివచ్చి స్వయంగా తలపాగా చుట్టారు. బొల్లనని తీసేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. “బాగానే నడుస్తోంది కదా,” అన్నాడు మంత్రి. కాబట్టి బొల్లనకీ కిటికీకీ మధ్య ఇంకొక చాప వేసి, దాని మీద కేసనని కూర్చోబెట్టారు. దుబాసీలు ఏడుగురయ్యారు. కేసన ఖాళీ చేసిన ఆసనం కుర్రపండితుడికి దక్కింది.

తర్వాతి కరువు ఎన్నాళ్లో ఆగలేదు. కోట ముందు మళ్లీ జనం చేరారు. రాజుగారి మాట వరసలో బయలుదేరింది. గంట మోగింది. కేసన తన చాప మీద ఎదురుచూస్తూ కూర్చున్నాడు. లోపల ముప్పమ్మ కుంచం కడిగి పెట్టుకుని, “బాబూ, తీయమంటారా?” అంది.

“మాట ఇంకా రాలేదు,” అన్నాడు కేసన.

అంతలో వరస అవతలి చివరనుంచి కుర్రపండితుడు వడివడిగా నడిచి రావడం కనబడింది. అతని చూపు కేసన తలపాగా మీద ఒక్క క్షణం ఆగి, కిటికీ వైపు తిరిగింది.

కేసన చాప మీద కాస్త వెనక్కి జరిగాడు. కిటికీ మొత్తం కప్పుకుపోయేలా వీపు ఆనించి, స్థిమితంగా కూర్చున్నాడు.