దొరగారు కాసిన జొన్నచేను

అనగనగా, అంటే ఫోన్లు వచ్చాకే లెండి, ఒక ఊళ్లో భూపతిరావు దొర తన కరెంటు కారును బుచ్చిలింగానికి అమ్మేశాడు. అమ్మాడన్న మాటేగానీ, తన ఫోన్లో ఉన్న కారు యాప్ మాత్రం తీసెయ్యలేదు. బుచ్చిలింగం బాడుగకు జనాన్ని ఎక్కించుకున్నాడో లేదో, దొర ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను నొక్కేవాడు. కారు హారను దానంతటదే మోగేది. "దయ్యం కారు బాబోయ్!" అంటూ ఎక్కినవాళ్లు దూకేసేవారు. బాడుగలు పోయి ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది.

"ఆ యాప్ తీసెయ్యండి దొరా, మీ కాళ్లు మొక్కుతా," అని బతిమాలాడు బుచ్చిలింగం.

"కారు నీదైతే అయిందిగానీ, అది ఇంకా నా మాటే వింటుందిరా!" అని దొర మీసం దువ్వాడు.

బుచ్చిలింగం పాలకంకి మీదున్న తన జొన్నచేను మధ్యకు కారు తోలుకెళ్లి అక్కడే వదిలేశాడు. సంగతి తెలియని దొర రోజూ పొద్దస్తమానం నొక్కుతూనే ఉన్నాడు. హారను మోగినప్పుడల్లా చిలకలూ పిచ్చుకలూ గుంపులుగా లేచిపోయేవి. చుట్టుపక్కల చేలు పిట్టలపాలైతే, ఇతని చేలో ఒక్క గింజ పోలేదు.

గింజ ముదరగానే గంపెడు కంకులు విరిచి, అరుగు నిండా జనం ఉన్నప్పుడు తెచ్చి దొర ముందు పెట్టాడు.

"ఇవేంట్రా?"

"పిట్టలు తోలినవాళ్లకి తొలి కంకులు ఇవ్వడం మన ఊరి రివాజు కదా దొరా! ఇన్నాళ్లూ హారను కొట్టి నా చేను కాసింది మీరేగా. ఇదిగో మీ కూలి."

అరుగంతా గొల్లుమంది. ముఖం జేవురించిన దొర అందరి ముందే యాప్ పీకేశాడు.

"అయ్యో, అప్పుడే మానేస్తే ఎలా దొరా," అన్నాడు బుచ్చిలింగం, "కోతలయ్యేదాకానైనా పనిలో ఉండండి!"